ఎదురొచ్చిన దరువు

పెళ్లి బ్యాండ్ల వాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒకే రోడ్డు మీద రెండు బ్యాండ్లు ఎదురుపడితే, వెనకొచ్చిన బ్యాండు వాయించడం ఆపి పక్కకు నిలబడాలి. ముందొచ్చినది దాటిపోయాక మళ్లీ ఎత్తుకోవాలి. మర్యాద కోసం పెట్టుకున్నారని బయటివాళ్లు అనుకుంటారు. మర్యాదా లేదు, మన్నూ లేదు. రెండూ ఒకేసారి వాయిస్తే కాసేపట్లో రెండు దరువులూ కలిసిపోతాయి, ఎవరి పెళ్లికి ఎవరు వాయిస్తున్నారో తెలియకుండా పోతుంది. ఆ భయంతో పెట్టుకున్నారు. నేను అందరి విషయంలోనూ ఈ పద్ధతి పాటించాను, ఒక్క మా అన్న విషయంలో తప్ప. వాడి కోసం నేను ఆగను. వాడూ నా కోసం ఆగడు.

పొద్దున పూట నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ముహూర్తాలు ఉన్న రోజుల్లో సెలవు పెట్టి, మెడలో సైడ్ డ్రమ్ము వేసుకుని పెళ్లిళ్లకు పోతాను. ఈ రెండో సంగతి తెలిసిన రోజు నుంచి మా స్టాఫ్ రూములో లెక్కల సారు తన టిఫిన్ డబ్బా పక్క బల్ల మీదికి మార్చుకున్నాడు. పక్క బల్ల మీద ఫ్యాను తిరగదు. ఎండాకాలమంతా ఆయన చెమటలు కక్కుకుంటూ పెరుగన్నం తింటుంటే చూడటం నాకొక సంతోషం.

బ్యాండు మా నాన్నది. నల్గొండ దిక్కు ఊరి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక చిన్న దుకాణం మడిగె కిరాయికి తీసుకుని పెట్టాడు. మా అన్నను, నన్ను ఆయనే తయారు చేశాడు. ఆయన నేర్పే తీరు ఎవరూ చూసి ఉండరు. మడిగె ముందు రెండు పాత స్కూటర్ టైర్లు పడుకోబెట్టి, వాటి మీద ఒక పొడుగాటి పలక వేసేవాడు. ఆ పలక మీద మా ఇద్దర్నీ వీపులు ఎదురెదురుగా ఉండేట్టు నిలబెట్టి, చెవులకు తువ్వాళ్లు బిగించి కట్టేవాడు. కాలి మడమతో పలకను తొక్కుతూ వాయించాలి. దరువు వేగాన్ని మేం నడక అంటాం. అన్నకు జోరు నడక ఇచ్చేవాడు, నాకు నెమ్మది నడక. ఎవడి నడక వాడు చెడగొట్టుకోకూడదు. అదీ పరీక్ష.

ఎప్పుడు పెట్టినా ఇద్దరమూ ఆ పరీక్ష తప్పేవాళ్లం. చెవులకు ఏమీ వినబడదు, వెనకున్నవాడు కనబడడు. అయినా కాసేపట్లో నా మడమ, వాడి మడమ ఒకేసారి పలక మీద పడేవి. పలక ఊగుతుంది కదా. వాడు తొక్కిన తొక్కుడు పలకలోంచి నా అరికాలికి వచ్చేది. నేను వెనకబడితే ముందుకు నెట్టేది. వాడు ముందుకు పోతుంటే నా తొక్కుడు వాణ్ణి వెనక్కి పట్టేది. నేను పళ్లు బిగించి, నా నడక నాదే అనుకుంటూ కొట్టిన రోజుల్లో కూడా, ఎక్కడో ఒకచోట వాడితో కలిసిపోయి ఉండేవాణ్ణి. ఆ కలిసిపోయిన క్షణం నాకు తెలిసేది కాదు. నాన్న నవ్వు చూసినప్పుడు తెలిసేది.

"చెవుల సంగతి ఇడిచిపెట్టుండ్రి," అనేవాడు తువ్వాలు విప్పుతూ. "కాళ్ల కింద ఏమైతుందో సూడుండ్రి."

నాకు ఆ పలకంటే అసహ్యం. మా అన్నకు నాకంటే ఎక్కువ అసహ్యం. మా ఇద్దరికీ కుదిరిన అభిప్రాయం అదొక్కటే.

ఒక బ్యాండు మొత్తం ఒక్క దరువు మీద ఎట్లా నడుస్తుందో తర్వాత తర్వాత చూసి తెలుసుకున్నాను. మాస్టరు చెయ్యి ఊపితే అందరూ వింటారని పెళ్లివాళ్లు అనుకుంటారు. చాయ్ తాగి లేచినప్పుడు ఎవడి గోల వాడిది. పక్కపక్కనున్న ఇద్దరు ముందు కలుస్తారు. ఇద్దరూ కలిసి కొట్టే దెబ్బ ఒక్కడి దెబ్బ కంటే పెద్దగా వినబడుతుంది, అది మూడోవాణ్ణి లాక్కుంటుంది. గుంపు పెరిగేకొద్దీ లాగే బలం కూడా పెరుగుతుంది, ఇక మిగిలినవాళ్లంతా బిలబిలమంటూ వచ్చి పడతారు. ప్రతి బ్యాండులోనూ ఎంత లాగినా రానివాడు ఒకడుంటాడు. మా దాంట్లో తాళాలవాడు. పొద్దున్నే మందు వాసన వచ్చే మనిషి, వాడి నడక మరీ అధ్వాన్నం. వాణ్ణి వెనక వరుసలో పెట్టి మేమంతా వాడి ఉనికి మరిచిపోతాం.

కాలేజీలో ఒకసారి ఇది చూపిద్దామని బుద్ధి తక్కువై అనుకున్నాను. కీబోర్డు నేర్పే షాపు నుంచి రెండు మెట్రోనోములు అడిగి తెచ్చాను. చావి తిప్పితే టిక్కు టిక్కుమని దరువు చూపించే యంత్రాలవి. రెండు ఖాళీ కూల్‌డ్రింక్ టిన్నులు అడ్డంగా పడుకోబెట్టి, మీద పలుచటి చెక్క పెట్టి, దాని మీద రెంటినీ వేర్వేరుగా కదిలించాను. చెక్క అటూ ఇటూ జరుగుతుంటే, కాసేపటికి రెండూ ఒక్కటిగా టిక్కుమన్నాయి. పిల్లలు ఫోన్లు తీశారు. నాకు ఒంట్లో రక్తం పొంగింది. రెండూ ఒకదాన్ని ఒకటి వింటే రెండూ తమ నడక కొంచెం కొంచెం వదులుకుని మధ్యలో ఎక్కడో కలుస్తాయని చెప్పాను. ఒకటి అసలు విననిదైతే, వినేదే పూర్తిగా దాని నడకకు పోవాలని చెప్పాను. ఇద్దరి నడకల మధ్య దూరం మరీ ఎక్కువైతే ఎంత ఊగినా కలవవని కూడా చెప్పాను. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "సార్, గిది ఎగ్జామ్‌ల వస్తదా?" రాదన్నాను. ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచి, ఆయన గుంటూరు మాటతో, మెత్తగా, చాప్టర్ అయిపోయిందా లేదా అది చెప్పండి మాస్టారూ అన్నాడు. ఆ టిన్నులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. మళ్లీ ఎవరికీ చూపించలేదు, చూపించను.

నాన్న పోయాక బ్యాండు రెండు ముక్కలైంది. మా అన్న చెవిలో పెట్టుకున్న క్లిక్ వల్లే అయింది. ఫోనులోంచి చెవిలోకి టక్ టక్ టక్ అని ఒకే వేగంతో చప్పుడు వస్తుంటుంది, వాడొక్కడే వింటాడు, వాడి సైడ్ డ్రమ్మును చూసి మిగతావాళ్లు వాయిస్తారు. పెళ్లి వీడియో మీద తర్వాత పాట అతికించాలంటే బ్యాండు వేగం ఎక్కడా మారకూడదట, ఇప్పటి పెళ్లివాళ్లకు అదే కావాలట. వేగం కూడా పెంచాడు. నాన్న నడక కంటే చాలా జోరు. చెవిలో మిషిన్ పెట్టుకున్నవాడు బ్యాండువాడు ఎట్లయితడని నేను అడిగాను. నువ్వు పోయి సుద్దముక్క పట్టుకో అని వాడన్నాడు. అంతే. సగం మంది వాడితో పోయారు. వాడు సందులో ఎదురు మడిగె తీసుకున్నాడు, దిల్‌సుఖ్‌నగర్ అంతటా వాడికి ఇంకో మడిగె దొరకనట్టు.

వాడి మీద కోపంతో నేను నా బ్యాండును నెమ్మదిగా నడిపించడం మొదలుపెట్టాను. వాడు ఎంత జోరు చేస్తే నేను అంత నెమ్మది. పెళ్లివాళ్లు గొణిగారు. గొణిగితే గొణగనీ.

ఇద్దరి మడిగెల మీదా నాన్న పేరే. ఆ పేరు పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగులో, కింద 'బ్యాండ్ పార్టీ' అని. వాడు పేరు పక్కన 'అసలు' అని రాయించాడు. నేను 'అసలైన' అని రాయించాను. నాన్న పేరు ఎవరిదన్నదే మా ఇద్దరి మధ్య మిగిలిన ఆస్తి తగాదా. నాకు మిగతా ఏదీ అక్కర్లేదు. మన్సూరాబాద్‌లో ఇల్లు వాడే ఉంచుకున్నాడు, నేను నోరెత్తలేదు. పేరు మాత్రం వాడికి వదిలేది లేదని మా ఆవిడకు కూడా చెప్పాను, అడగకపోయినా.

ఒకరోజు వనస్థలిపురం నుంచి ఒక పెద్దాయన నాన్న బ్యాండు కావాలని సందులోకి వచ్చాడు. ఇటు నా బోర్డు చూశాడు, అటు వాడి బోర్డు చూశాడు, తల గోక్కుంటూ మధ్యలో నిలబడ్డాడు. నేను లేచేలోగా మా అన్న ఆయన్ను రెక్క పట్టుకుని తన మడిగెలోకి తీసుకుపోయాడు. సాయంత్రం చాయ్ హోటల్లో బ్యాండువాళ్లందరి ముందూ నేను వాణ్ణి కడిగేశాను. నాన్న పేరు పెట్టుకుని నాన్న నడకను చంపినవాడివి అన్నాను. నాన్న నడకను పాడె నడక చేసినవాడివి నువ్వు అని వాడన్నాడు. గ్లాసులు పగలలేదు గాని పగిలినంత పనైంది.

అక్కడ ఒక మూల కాక కూర్చుని ఉన్నాడు. కాక అంటే మాకు రక్తసంబంధం కాదు. జీవితమంతా మా నాన్న ముందు నడుస్తూ క్లారినెట్ ఊదిన మనిషి. పళ్లు పోయాక ఊదడం మానేశాడు. మా రెండు మడిగెలకూ పోడు, రెండింటి మధ్య హోటల్లో కూర్చుంటాడు. మా అన్న ఆయన వైపు తిరిగాడు.

"కాకా, నువ్వే సూడు. రోడ్డు మీద తేల్చుకుంటం. నేను ఆగను, గీడు ఆగడు. ఎవని దరువు ఎదుటోని దిక్కు జరుగుతదో, ఆడు బోర్డు మీద నాయిన పేరు దింపాలె. మల్ల జిందగీల పెట్టొద్దు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న తర్వాత, చాయ్ అడుగున చక్కెర నోట్లో పోసుకుంటుండగా, నాకు అర్థమైంది. వాడి చెవిలో యంత్రం ఉంది. వాడు నన్ను వినడు. నేను వాణ్ణి వింటాను. వినేవాడే జరుగుతాడని క్లాసులో చెప్పినవాణ్ణి నేనే. వాడు ఆ పాఠం చదవకుండానే నన్ను ఇరికించాడు.

అప్పటి నుంచి నాకు నిద్రలేదు, అన్నం లేదు. నా మనుషుల చెవుల్లో దూది పెట్టి చూద్దామనుకున్నాను. ఆదివారం పొద్దున వాళ్లను ఎల్బీనగర్ అవతల ఒక ఖాళీ ప్లాటుకు తీసుకుపోయి, అందరి చెవులూ మూసి వాయించమన్నాను. ఎదుటివాణ్ణి వినకూడదని దూది పెడితే, పక్కవాణ్ణి కూడా వినలేకపోయారు. ప్లాటు చివరకు చేరకముందే బ్యాండు బ్యాండు కాకుండా పోయింది, పెద్ద డ్రమ్ము ఒక పెళ్లికి, ట్రంపెట్లు ఇంకో పెళ్లికి పోయినట్టు. తాళాలవాడు ఒక్కడే ఎప్పటిలాగే ఉన్నాడు. మేడ మీది నుంచి ఒకావిడ చంటిపిల్ల లేచిందని తిట్టింది. నేనూ తిట్టాను.

మిగిలిన దారి ఒకటే. నడకల మధ్య దూరం మరీ ఎక్కువైతే కలవవు. అందుకని నా బ్యాండును ఇంకా నెమ్మది చేశాను. వాడి జోరుకు అందనంత దూరం పోవాలి, వాడు లాగినా తెగేంత దూరం. మా ట్రంపెట్ మనిషి ఊపిరి సరిపోవడం లేదన్నాడు. పెళ్లికొడుకు చేరేసరికి పెళ్లిపిల్ల ముసలిదైతదని పెద్ద డ్రమ్ము మనిషి అన్నాడు. వాయించమన్నాను.

మాఘమాసంలో ఆ రోజు వచ్చింది. ఎల్బీనగర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ఫంక్షన్ హాళ్లు, మధ్యలో ఒకటే గోడ. ఒకదాంట్లో నేను ఒప్పుకున్న పెళ్లి, మా నల్గొండవాళ్లది. రెండోదాంట్లో మా అన్న ఒప్పుకున్నది, వనస్థలిపురం పెద్దాయనది, కోస్తావాళ్లు. మావాళ్లు ఎదురుకోలంటారు, వాళ్లు ఎదురు సన్నాహమంటారు, పెళ్లికొడుకును దారిలోనే ఎదుర్కొని బ్యాండుతో లోపలికి తీసుకురావడం రెండింట్లోనూ ఒకటే. పొద్దున పదకొండు కావస్తుంది. నా పెళ్లికొడుకు మెట్రో స్టేషన్ దిక్కు నుంచి, వాడి పెళ్లికొడుకు సాగర్ రోడ్డు దిక్కు నుంచి వస్తున్నారు. కాక రెండు గేట్ల మధ్య గోడ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సందులో ఉన్న బ్యాండువాళ్లందరూ ఆయన వెనక నిలబడ్డారు, ఏదో సినిమా రిలీజైనట్టు.

దూరం నుంచి వాడి దరువు వినబడింది. నా వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చూపులు ముందుకు పెట్టమన్నాను.

దగ్గరయ్యేకొద్దీ రెండు దరువులూ ఒకదాన్ని ఒకటి తొక్కుకున్నాయి. వాడిది జోరు కాబట్టి వాడి దెబ్బ నా దెబ్బను దాటి పోతుంటుంది. దాటే చోట, రెండు దెబ్బలూ ఒకదాని మీద ఒకటి పడే చోట, ఒక చిన్న ఆగుడు ఉంటుంది. నా వాళ్ల చేతులు అక్కడ దాన్ని పట్టుకుని వేళ్లాడబోతాయి. నేను డ్రమ్ము అంచు మీద కొట్టి వెనక్కి గుంజుతాను. వాడు దాటిపోతాడు. మళ్లీ చుట్టు తిరిగి వస్తాడు. ఈసారి ఆగుడు ఇంకొంచెం ఎక్కువసేపు ఉంటుంది. ఇంకా దగ్గరైతే ఇంకొంచెం. కలవబోయే ముందు అట్లాగే అవుతుంది. నాకు తెలుసు, తెలిసి చెయ్యగలిగింది ఏమీ లేదు. పెళ్లివాళ్లు కూడా ఊరుకోలేదు. నా పెళ్లి పిల్లలు వాడి దరువుకు ఎగరడం మొదలుపెట్టారు. కాళ్ల కింద రోడ్డు అదిరింది, నాన్న పలక అదిరినట్టు.

ముందు నా పెద్ద డ్రమ్ము పోయింది. తర్వాత ఒక ట్రంపెట్. పక్కవాడు పోతే వాడి పక్కవాడు పోతాడు. నా వెనక నా సొంత మనుషులే వాడి నడకకు జరుగుతున్నారు, వాళ్ల బరువంతా నా మీద పడి నన్ను తోస్తుంది. నేనొక్కణ్ణే పాత నడక పట్టుకుని ఉన్నాను. మా అన్న ఇప్పుడు నాకు పది అడుగుల్లో ఉన్నాడు. చెవిలో ఆ నల్ల ముక్క. మొహంలో చెమట లేదు. పెళ్లికి వచ్చిన చుట్టంలా నిలబడి వాయిస్తున్నాడు. నేను ఓడిపోతున్నాను, వాడికి ఆ కష్టం కూడా లేదు. నాన్న పేరు వాడి బోర్డు మీద ఒక్కటే మిగులుతుంది, రేపటి నుంచి ప్రతి పొద్దునా నా మడిగెలోంచి దాన్ని చూస్తూ కూర్చోవాలి.

నేను వాణ్ణి తిట్టాను. ఏం తిట్టానో ఇక్కడ సగమే రాయగలను.

"నాయినకు పుట్టినోనివైతే చెవుల నుంచి అది తియ్యి."

వాడికి పెదవులు కదలడం కనబడింది, మాట వినబడలేదు. నేను తిట్టింది వినకుండా ఉండగలిగే మనిషి కాదు మా అన్న. చిన్నప్పటి నుంచీ అంతే, నేను మనసులో గొణుక్కున్నా ఏందిరా అని మీదికొచ్చేవాడు. డ్రమ్ము మీద ఒక చెయ్యి ఆడిస్తూనే రెండో చేత్తో ఆ ముక్క పీకేశాడు.

"ఏమన్నవ్‌రా?"

నేను మళ్లీ అన్నాను. ఈసారి మొత్తం అన్నాను.

వాడు ఆ ముక్కను చెవిలో మళ్లీ పెట్టుకోలేదు. అది వైరుకు వేళ్లాడుతూ వాడి చొక్కా మీద కొట్టుకుంది. వాడు నన్ను తిట్టాడు, నేను తిరిగి తిట్టాను, ఇద్దరం కళ్లు తిప్పకుండా ఒకర్నొకరం చూస్తూ కొట్టాం. నేను వాణ్ణి అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. వాడు ఎక్కడ తప్పుతాడా అని ప్రతి దెబ్బా విన్నాను. వాడూ అంతే విన్నాడు. విన్నాడంటే పోయాడన్నమాట. వాడి దెబ్బ బరువెక్కి వెనక్కి జరిగింది. నాది నా చేతులు దాటి ముందుకు జరిగింది. ఆ ఆగుడు వచ్చింది, వచ్చి, ఇక పోలేదు.

రెండు బ్యాండ్లూ ఒక్క బ్యాండు అయిపోయాయి. రోడ్డు మీద ఇరవై మందికి పైగా ఒక్క దెబ్బ. పెళ్లివాళ్లు పిచ్చెక్కినట్టు ఎగిరారు. నల్గొండ పిల్లలు, కోస్తా పిల్లలు కలిసిపోయారు. ఇద్దరు పెళ్లికొడుకులు కార్లలోంచి తలలు బయట పెట్టి చూస్తున్నారు. వనస్థలిపురం పెద్దాయన చేతిలో పన్నీరు బుడ్డితో నా దగ్గరికొచ్చి, "ఏవండీ, మేం మాట్లాడుకున్న బ్యాండు మీరేనాండీ, వారాండీ?" అని అడిగాడు. ఇటు లోపలికి తిరిగినవాడు ఓడినట్టు, అటు తిరిగినవాడూ ఓడినట్టు, అందుకని ఇద్దరం గేట్ల ముందే నిలబడి వాయించాం. ముహూర్తం దగ్గర పడుతుందని పురోహితుడు అరుస్తున్నాడు.

చివరకు నా చేతులు నొప్పెట్టాయి. వాడి కంటే ముందు, నా అంతట నేను, ఆపెయ్యాలనుకున్నాను. నాన్న ముక్తాయింపు ఒకటి ఉంది, వరసగా మూడు దెబ్బలు, ఒక ఖాళీ, తర్వాత ఒక్క దెబ్బ. ఎత్తుకున్నాను. వాడు కూడా అదే క్షణాన ఎత్తుకున్నాడు. నేను చూసి ఎత్తుకున్నానా, వాడు చూసి ఎత్తుకున్నాడా, దేవుడికి తెలియాలి. మూడు దెబ్బలు పడ్డాయి. ఖాళీలో ఎల్బీనగర్ అంతా చప్పుడు లేకుండా పోయినట్టు అయింది. ఆ ఒక్క దెబ్బ ఇద్దరిదీ ఒకేసారి పడింది. తాళాలవాడు మాత్రం తర్వాత ఒకటి ఎక్కువ కొట్టాడు.

ఇద్దరం డ్రమ్ములతోనే కాక దగ్గరికి పోయాం. వాడు చెవిలోంచి తీసేశాక వాడే నా దిక్కు జరిగాడని నేను చెప్పాను. అంతకు ముందే నా బ్యాండు సగం వాడి దిక్కు వచ్చేసిందని వాడు చెప్పాడు. కాక ఇద్దర్నీ చెప్పనిచ్చాడు. బోసినోటితో ఆయన మాట సగం గాలిగా పోతుంది, అందుకని ఇద్దరం వంగి వినాల్సి వచ్చింది.

"నువ్వు జోరు మీదున్నవు, ఎన్కకొచ్చినవు," అన్నాడు మా అన్నతో. "నువ్వు నెమ్మది మీదున్నవు, ముంగటికొచ్చినవు," అన్నాడు నాతో. "ఇద్దరు జరిగిండ్రు. ఆఖర్ల కొట్టిండ్రు సూడు, అది మీ నాయిన నడక. నేను జిందగంత దాని ముంగట నడిసిన. అది నీది గాదు, నీది గాదు. పేరు రెండు దిక్కుల దింపుండ్రి."

మా అన్న వైరుకు వేళ్లాడుతున్న ఆ ముక్కను జేబులో కుక్కుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపంతో. కాక తప్పు చెప్పి ఉంటే ఆయనతో కొట్లాడేవాణ్ణి. రెండూ వింటే రెండూ జరుగుతాయి, మధ్యలో కలుస్తాయి, ఆ మాట నేను పిల్లల ముందు టిన్నులు పెట్టి మరీ చెప్పాను. చాయ్ హోటల్లో పందెం కట్టినప్పుడు ఒకడే జరుగుతాడనుకున్నాం ఇద్దరం. వాడంటే చదువుకోలేదు. ఆ మధ్యలో ఉన్నది ఎవరి నడకో మాత్రం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. వాడు ఎంత జోరు చేశాడో నేను అంత నెమ్మది చేశాను, ఇద్దరం నాన్నకు అటూ ఇటూ సమానంగా దూరం పోయాం. ఇంత కాలం ఒకర్నొకరం చూసి చేసిన పని అదే.

మరుసటి రోజు పొద్దున నేను నిచ్చెన వేసుకుని బోర్డు ఎక్కాను. వెనక్కి తిరిగి చూడొద్దనుకున్నాను, చూశాను. ఎదురుగా వాడూ నిచ్చెన మీద ఉన్నాడు. మేకులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. సుత్తితో కొడుతూ వదులు చెయ్యాలి. నాలుగు దెబ్బలు కొట్టేసరికి సందులో వినబడుతున్నది ఒకటే సుత్తి. నేను చెయ్యి ఆపాను, వాడితో కలిసి కొట్టకూడదని. వాడూ ఆపాడు. కాసేపు ఇద్దరం ఒకరికొకరం వీపులు పెట్టుకుని నిచ్చెనల మీద ఊరికే నిలబడ్డాం, చిన్నప్పుడు నిలబెట్టినట్టు. ముందు వాడు మొదలుపెడితే తర్వాత వాడి దెబ్బ తప్పించి కొడదామని నేను చూశాను. వాడూ అదే చూసి ఉంటాడు, వాడి బుద్ధి నాకు తెలుసు.

చివరకు ఇద్దరమూ మొదలుపెట్టాం. బోర్డులు ఊడొచ్చాయి. నా బోర్డే ముందు దిగిందని వాడు ఈ రోజుకీ సందులో అందరితో చెప్తాడు. అబద్ధం. వాడిదే ముందు దిగిందని నేను చెప్తాను. మా నాన్న పేరు నేల మీద పడితే ఆ చప్పుడు రెండుసార్లు వినబడాలి. మా సందులో ఒక్కసారే వినబడింది.